ఇన్‌లైన్ ఫామ్‌సెట్టా, రెండు పేజీలా: జాంగోలో ఏది మేలు?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఓనర్ల లెక్కలకు జాంగోలో (పైథాన్‌తో వెబ్ యాప్‌లు రాసే ఫ్రేమ్‌వర్క్) యాప్ రాస్తున్నామనుకోండి. ‘వేట’ ఒక మోడల్, అంటే డేటాబేస్‌లో ఒక పట్టిక. వంజరం, చందువ, కానాగంతలు అంటూ ఆ వేటలో దొరికిన ‘సరుకు’ ఇంకో మోడల్, అది ఏ వేటదో చెప్పే ఫారిన్ కీతో. ఇక ఫారం ఎలా పెట్టాలి?

ఇన్‌లైన్ ఫామ్‌సెట్ (వేట ఫారం కిందే దాని వరుసలు) అయితే అన్నీ ఒకే పేజీలో, ఒకే సేవ్‌తో. డెమోలో అదిరిపోతుంది, మొండికేస్తేనే తలనొప్పి. టెంప్లేట్‌లో మేనేజ్‌మెంట్ ఫారం (వరుసలెన్నో చెప్పే దాచిన ఫీల్డులు) మర్చిపోతే కనీసం సేవ్ కాకుండా ఆగిపోతుంది, నయం. జావాస్క్రిప్ట్‌తో వరుస కలిపి, అందులోని ‘టోటల్ ఫామ్స్’ అంకె పెంచకపోతే మాత్రం ఆ వరుసను సర్వర్ చూడనే చూడదు. చప్పుడుండదు. ఇంకోటి: ఖర్చుల ఫామ్‌సెట్‌లో అదనపు వరుసలో ఐస్ పరిమాణం ఇనిషియల్‌గా ముందే నింపి ఉంచారు, యూజర్ అది సరిగ్గానే ఉందని ముట్టుకోకుండా సేవ్ కొట్టాడు. మార్పేమీ లేదు కాబట్టి జాంగో దాన్ని ఖాళీ వరుసగా లెక్కగట్టి వదిలేస్తుంది. ‘సేవ్ అయిందన్నారుగా, ఐస్ ఏదండీ?’ అని ఫోనొస్తుంది.

రెండు పేజీల పద్ధతిలో ముందు వేట సేవ్ చేసి, తర్వాత దాని పేజీలో సరుకు ఒక్కొక్కటే ఎక్కిస్తాం. కమిట్=ఫాల్స్ పెట్టి (డేటాబేస్‌లో అప్పుడే రాయకుండా ఆపి), వ్యూలో, అంటే పేజీ వెనక నడిచే కోడ్‌లో, వేటను తగిలించి, సేవ్ చేయడమే. తగిలించడం మరిచిపోతే డేటాబేస్ ఇచ్చే ఇంటెగ్రిటీ ఎర్రర్‌తో తప్పు వెంటనే దొరికిపోతుంది. అసలు మెలిక వేరే ఉంది. ‘ఒక వేటలో ఒక రకం ఒక్కసారే’ అని యూనిక్ నిబంధన పెట్టారనుకోండి, వేట ఫీల్డు ఫారంలో లేదు కనుక ఆ తనిఖీ ఫారం దగ్గర జరగదు, నేరుగా డేటాబేస్ దగ్గర పేలుతుంది. ఫారం తనిఖీలు రాసే క్లీన్ మెథడ్‌లో మనమే చూసుకోవాలి. ఇన్‌లైన్ ఫామ్‌సెట్ ఇది తనే చూసుకుంటుంది, ఆ మంచి ఒప్పుకోవాలి.

నన్నడిగితే సరుకుకు రెండు పేజీలే. వేలం ఒక్కో రకానికీ విడిగా సాగుతుంది, ధరలన్నీ ఒకేసారి చేతికి రావు. పైగా ఫామ్‌సెట్‌లో ఒక్క వరుస తప్పయితే మిగతావీ సేవ్ కావు, తడిచేతుల్తో ఫోన్ పట్టుకున్నాయనకి ఎందుకా టెన్షన్? అదే డీజిల్, ఐస్ ఖర్చుల బిల్లయితే ఆఫీసులో కూర్చుని ఒక్కసారే కొట్టేది. దానికి ఫామ్‌సెట్టే పెడతాను, ఇనిషియల్ విలువలు తీసేసి, వేట, ఖర్చుల సేవ్‌లు రెండూ ఒకే అటామిక్ ట్రాన్సాక్షన్‌లో (అయితే రెండూ, లేదంటే ఏదీ కాదు) ఉంచి.