మొత్తం ఫాస్ఫరస్ పరీక్షకు రెడీమేడ్ వయల్ కిట్: ఆరు నెలల వాడకం తర్వాత

చేపల చెరువుల నీటిలో మొత్తం ఫాస్ఫరస్‌ను కొలిచేందుకు మా ప్రయోగశాలలో ఆరు నెలలుగా ఈ కిట్‌ను వాడుతున్నాం. కరిగి ఉన్న ఫాస్ఫేట్ మాత్రమే కాక, నాచులోనూ మట్టి రేణువుల్లోనూ ఇమిడి ఉన్న ఫాస్ఫరస్ కూడా లెక్కలోకి రావాలంటే నమూనాను ముందుగా ఆమ్లంలో పర్‌సల్ఫేట్ అనే ఆక్సీకరణ రసాయనంతో వేడిచేసి విడగొట్టాలి; ఆ పని ఇక్కడ మూత బిగించిన గాజు వయల్‌లోనే, 150 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాల్లో పూర్తవుతుంది. చల్లారాక క్షారంతో తటస్థీకరించి, మాలిబ్డేట్, ఆస్కార్బిక్ ఆమ్లం ఉన్న పొడి కలిపితే నీలిరంగు మెల్లగా చిక్కబడుతుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉందో కాంతిని కొలిచే పరికరంలో 880 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద చదువుతాం.

ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో వేడిచేసే పాత్ర) పద్ధతిలోనూ చేసి చూసిన నమూనాల ఫలితాలు వీటికి దగ్గరగానే వచ్చాయి. బురద నీటిని బాగా కలపకుండా తీస్తే మాత్రం ఒకే సీసాలోని రెండు నమూనాలకు పొంతన ఉండదు; అది కిట్ లోపం కాదు.

నాకు నచ్చనిది సూచనల కాగితం. ఫలితం ఫాస్ఫేట్‌గా వస్తుందని, ఫాస్ఫరస్‌గా కావాలంటే 3.07తో భాగించాలని ఒక మూల చిన్న అక్షరాల్లో వేశారు. అది గమనించక మొదటి వారంలో ఒక రైతుకు మూడింతల అంకె రాసిచ్చి, తర్వాత స్వయంగా చెరువు గట్టుకు వెళ్లి సరిదిద్దాను. ఈ ఒక్క వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో పెట్టెపైనే ముద్రిస్తే, చిన్న ప్రయోగశాలలకు ఈ కిట్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.