రెండున్నర వేలిచ్చి గదిని కొలిపించాను

మాది విజయవాడ సత్యనారాయణపురం. ముప్పై ఏళ్లుగా పిల్లలకు మృదంగం చెబుతున్నాను. పోయిన దసరాకి మా అబ్బాయి కొత్త ఆంప్లిఫయరు, ఒక జత చిన్న స్పీకర్లు కొనిచ్చాడు. అట్టపెట్టెల మీద అంకెలు ఘనంగానే ఉన్నాయి. ఆంప్లిఫయరు డిస్టార్షన్, అంటే అసలు శబ్దంలో లేనిది వచ్చి కలిసే పాలు, 0.003 శాతం. స్పీకర్లు 50 నుంచి 20,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దాకా పలుకుతాయట. తీరా కచేరీ రికార్డింగు పెడితే, తొప్పి (మృదంగం ఎడమ మూత) మీద గుమికి, అంటే ఆ బరువైన గుంభనపు దెబ్బ, పడ్డ ప్రతిసారీ గదంతా బొయ్యిమంటోంది. కుడి మూత మీద పలికే చాపు దెబ్బ ఆ హోరులో నలిగిపోతోంది. రెండు వారాలు ఓర్చుకున్నాను. ఇంటికొచ్చి గదిని కొలిచి స్పీకర్లు సరిచేసే కుర్రాడు ఒకడున్నాడని శిష్యుడు చెబితే పిలిపించాను. ఛార్జీ 2,500 రూపాయలు.

గంటన్నర ఆలస్యంగా వచ్చాడు, ఫోనైనా చేయలేదు. అది నాకు నచ్చలేదు. పని మొదలుపెట్టాక మాత్రం మూడు గంటలు తల తిప్పలేదు.

ముందు నా పాత ఆంప్లిఫయరు తెమ్మన్నాడు. కొత్తది వచ్చాక తంబూరా శ్రుతి తేటగా వినిపిస్తోందని నేను చెప్పాను. అతను కాదనలేదు. రెండింటి శబ్దం మీటరు పెట్టి సమానం చేశాడు. "ఒకటి పిసరంత గట్టిగా పలికినా మన చెవికి అదే బాగుందనిపిస్తుంది మాస్టారూ" అన్నాడు. తర్వాత రెండింటి మీదా తువ్వాలు కప్పి, పదిసార్లు అటూ ఇటూ మారుస్తూ ఏది ఏదో చెప్పమన్నాడు. ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసూ వేసినా ఆరు రావచ్చు, తొమ్మిది వస్తే నమ్ముతానన్నాడు. ఒప్పుకున్నాను. పాతదాని డిస్టార్షన్ 0.1 శాతం, కొత్తదాని కంటే ముప్పై రెట్లు ఎక్కువ. ఆ తేడా నా చెవి దాకా రాలేదు.

ఇక గది. నేను కూర్చునే చోట, నా తల ఎత్తులో స్టాండుకి మైకు బిగించాడు. కింది 20 హెర్ట్జ్ నుంచి పైకి పాకుతూ పోయే ఒక కూత వదిలాడు. ఏ స్వరం ఎంత గట్టిగా వినబడుతోందో చూపే గీత లాప్‌టాప్‌లో వచ్చింది. 63 హెర్ట్జ్ దగ్గర చిన్న కొండలాగా 11 డెసిబెల్స్ లేచి ఉంది. మా ముందు గది వెడల్పు తొమ్మిది అడుగులు. శబ్దం ఆ గోడకి పోయి ఈ గోడకి తిరిగి రావాలంటే దానికి రెట్టింపు, పద్దెనిమిది. శబ్దం సెకనుకు సుమారు 1,140 అడుగులు పోతుంది. భాగిస్తే 63, ఆ రెండు గోడల మధ్య మారుమోగే స్వరం అదే. నేను వాయించేది ఒకటి శ్రుతి మృదంగం, అంటే షడ్జం 131 హెర్ట్జ్ దగ్గర. తొప్పిని తడి రవ్వ ముద్ద అంటించి కింది షడ్జానికి దగ్గరగా దించుకుంటాను, అంటే 65. నా ఎడమ చెయ్యీ, ఆ రెండు గోడలూ ఒకే శ్రుతిలో ఉన్నాయన్నమాట! పైగా దివాను గోడకి ఆనించి ఉంది, ఆ హోరు అన్నిటికంటే ఎక్కువుండేది గోడ పక్కనే. దివాను రెండున్నర అడుగులు ముందుకి జరిపాం. కొండ సగానికి కుంగింది. పదిహేను రోజులుగా నా చెవి పెట్టుకున్న ఫిర్యాదు గీతలో అచ్చుగుద్దినట్టు కనబడితే కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మాకిది కొత్తేం కాదు. మృదంగం కుడి మూత మీద కరణి, అంటే ఆ నల్లటి గుండ్రని పూత, ఎందుకు వేస్తారో మన పెద్దలు చెవితోనే కనిపెట్టారు. ఆ మూత మీద పుట్టే పై స్వరాలు మామూలు డప్పుకి లేనట్టు షడ్జానికి సరైన గుణిజాల్లో ఉంటాయని సి.వి. రామన్ కొలిచి చూపించారు. 1920లో ఒకసారి, 1934లో వివరంగా ఇంకోసారి రాశారు.

మిగిలిన ఎత్తుపల్లాలు సాఫ్ట్‌వేర్‌తో చదును చేశాడు. గీత తిన్నగా వచ్చింది కానీ పాట పీలగా, తాళాలు చెవిలో గుచ్చుకుంటున్నట్టు తయారైంది. చెప్పాను. "గదిలో గీత పైకి పోయేకొద్దీ కొంచెం వాలాలి మాస్టారూ. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనేవాళ్లు మనుషులకు స్పీకర్లు కనబడకుండా వినిపించి తేల్చిందే ఇది" అన్నాడు. వాలు పెట్టాక గొంతుకి ఒళ్లొచ్చింది.

అసలు ముచ్చట చివర్లో. గుమికి వెనకాల సన్నగా "జీ" అని ఒక చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. గీతలో ఏమీ లేదు. అతను నా మాట కొట్టిపారేయలేదు, అందుకే ఈ రివ్యూ రాస్తున్నాను. 80 హెర్ట్జ్ స్వరం ఒక్కటే పెట్టి, గదిలో ఒక్కో వస్తువు మీదా అరచెయ్యి ఆనించుకుంటూ పోయాడు. గోడగడియారం, వీణ పెట్టె, కిటికీ రెక్క, ఏదీ కాదు. ఇనుప బీరువా తలుపు మీద చెయ్యి పెట్టగానే చప్పుడు ఆగింది. అప్పుడు చెయ్యి తీసేసి డిస్టార్షన్ లెక్క కడితే ఒక్క శాతం చూపించింది. అదే ఒక్క శాతం స్పీకరు నుంచి 160 హెర్ట్జ్‌లో వచ్చుంటే అసలు స్వరమే దాన్ని కప్పేసేది, నాకు తెలిసేదే కాదు. బీరువా మోత 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంది. మన చెవి అన్నిటికంటే చురుగ్గా ఉండేది అక్కడే, పైగా అంత కింది స్వరం అంత పైదాన్ని కప్పలేదు. అంకె ఒకటే, వినికిడి వేరు. కొలతలు అబద్ధమని నేననను. ఏ చోట ఎంతో చెప్పకుండా మొత్తం కలిపి ఒక్క శాతమని అట్టపెట్టె మీద అచ్చేస్తే కొనేవాడికి దాంతో ఒరిగేదేమీ లేదు. 50 నుంచి 20,000 అన్నదీ అంతే, ఎన్ని డెసిబెల్స్ అటూ ఇటూనో రాయకపోతే.

రాత్రి మనవడు పడుకున్నాక తగ్గించి వింటే తొప్పి మళ్లీ పలచబడుతోంది. శబ్దం తగ్గితే చెవికి కింది స్వరాలు ముందు జారిపోతాయి. ఫ్లెచర్, మన్‌సన్ 1933లోనే దీన్ని కొలిచారట. రాత్రికి వేరే సెట్టింగు అడిగితే చేసిచ్చాడు, అదనంగా తీసుకోలేదు. గ్రాఫుల ఫైలు మాత్రం రెండుసార్లు అడిగితేగానీ పంపలేదు.

అయిదుకి నాలుగు ఇస్తాను. టైముకి వచ్చుంటే నాలుగున్నర. బీరువా తలుపు సందులో అతను దోపిన సైకిల్ ట్యూబు ముక్క ఇంకా అక్కడే ఉంది. మా ఆవిడ పట్టుచీర తీసినప్పుడల్లా దాన్ని మళ్లీ జాగ్రత్తగా పెడుతోంది.