అరవైల అమెరికాను పిల్లలకు ఎక్కడ చూపించాలి: బెతెల్ పొలమా, గ్రీన్స్‌బరో కౌంటరా?

మేముండేది నార్త్ కరోలినాలో, కేరీ దగ్గర. మా ఆదివారం తెలుగు తరగతి పిల్లలకు 1960ల అమెరికా గురించి ఏదైనా చూపిద్దామని తల్లిదండ్రులం కూర్చుంటే రెండు పేర్లు తేలాయి. ఒకటి న్యూయార్క్ రాష్ట్రంలోని బెతెల్ వుడ్స్ మ్యూజియం. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం జరిగిన పొలం అదే. రెండోది గంటంబావు దూరంలో గ్రీన్స్‌బరోలో ఉన్న పౌరహక్కుల మ్యూజియం. "అక్కా, వుడ్‌స్టాక్ అయితే పిల్లలకు సరదాగా ఉంటుంది, పాటలూ రంగులూ ఉంటాయి" అని ఒకావిడ అన్నారు. ఆవిడ మాట నిజమే. అయినా నా ఓటు గ్రీన్స్‌బరోకే, కారణం చెబుతాను.

బెతెల్‌తో మొదలుపెడతాను. మ్యాక్స్ యాస్గర్ అనే పాడి రైతు తన పొలాన్ని అద్దెకిస్తే అక్కడికి నాలుగు లక్షల మందికి పైగా చేరారు. అంతకుముందు వాల్‌కిల్ అనే ఊరు కుదరదని చెప్పేసింది. అంతమంది వచ్చిపడేసరికి తిండీ నీళ్లూ చాలలేదు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు శాండ్‌విచ్‌లు చేసి పంపారు. మ్యూజియం 2008లో తెరిచారు. లోపల సినిమాలు, వస్తువులు, రంగులేసిన బస్సు ఉన్నాయి. బయటికొస్తే అదే గడ్డి వాలు. మన పిల్లలు చప్పున పట్టుకునే విషయం ఇంకోటి కూడా ఉంది: ఆ ఉత్సవాన్ని ఆరంభిస్తూ మాట్లాడింది కోయంబత్తూరు ప్రాంతంలో పుట్టిన స్వామి సచ్చిదానంద. మొదటి రాత్రి వానలో సితార్ వాయించింది పండిట్ రవిశంకర్.

నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్ల మౌఖిక చరిత్ర పని. ఆ మూడు రోజులు అక్కడున్నవాళ్లను కూర్చోబెట్టి, ఏం చూశారు, ఎక్కడ పడుకున్నారు, ఇంటికి ఎలా చేరారు అని అడిగి రికార్డు చేస్తున్నారు. అప్పుడు ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై అయిదు దాటింది. ఈ పని రేపటికి వాయిదా వేయడానికి వీల్లేదు.

ఇక గ్రీన్స్‌బరో. 1960 ఫిబ్రవరి 1 సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో నలుగురు నల్లజాతి కాలేజీ విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలోకి వెళ్లారు. ఎజెల్ బ్లెయిర్ జూనియర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్‌నీల్. ముందు టూత్‌పేస్టులాంటి చిన్న చిన్న సరుకులు కొని రసీదులు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత తెల్లవాళ్లకే వడ్డించే లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇక్కడ మీకు ఇవ్వం అన్నారు. అప్పుడు ఆ రసీదులు పనికొచ్చాయి: అటు బల్ల దగ్గర మా డబ్బు తీసుకున్నారు కదా, ఇటు ఎందుకు తీసుకోరు? దుకాణం మూసేదాకా కదల్లేదు. అయిదో రోజుకు దాదాపు మూడు వందల మంది అయ్యారు. మార్చి ముగిసేలోగా ఈ నిరసన 13 రాష్ట్రాల్లో 55 ఊళ్లకు పాకింది. జులై 25న అదే కౌంటర్ దగ్గర నల్లవాళ్లకు వడ్డించారు. సరిగ్గా యాభై ఏళ్లకు, 2010 ఫిబ్రవరి 1న, ఆ దుకాణమే మ్యూజియంగా తెరుచుకుంది. కౌంటర్ ఎక్కడుండేదో అక్కడే ఉంది.

ఆ రసీదు సంగతి పదేళ్ల పిల్లకు చెప్పి చూడండి. "అదేంటి, అన్యాయం కదా" అని తనే అంటుంది. మనం విడిగా వివరించాల్సింది మిగలదు. అందుకే నా ఓటు అటు. బెతెల్‌లో పిల్లవాడు చూస్తాడు, వింటాడు, ఆనందిస్తాడు. కౌంటర్ ముందు నిలబడితే మాత్రం 'నేనైతే కూర్చునేవాడినా, లేచిపోయేవాడినా' అన్న ప్రశ్న వాడి దగ్గరికే వస్తుంది.

ఈ ప్రశ్ననే పాఠంగా మార్చిన పద్ధతి ఒకటుంది. ఆ కౌంటర్‌లో కొంత భాగం వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. దాని ముందు కొన్నేళ్లపాటు ఒక కార్యక్రమం నడిపారు. ఒక నటుడు 1960 నాటి కార్యకర్తగా వచ్చి, చూడవచ్చినవాళ్లకే సిట్-ఇన్ (వడ్డించకపోయినా లేవకుండా కూర్చుని చేసే నిరసన) శిక్షణ ఇచ్చేవాడు. ఇది మ్యూజియం వాళ్లు కొత్తగా కల్పించింది అనుకోకండి. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో పౌరహక్కుల ఉద్యమకారుడు జేమ్స్ లాసన్ ఆ రోజుల్లో విద్యార్థులకు సరిగ్గా ఇలాగే నేర్పాడు. సగంమంది కౌంటర్ దగ్గర కూర్చున్నట్టు, మిగతావాళ్లు వాళ్లను తిట్టి తోసేవాళ్లుగా నటించేవారు. తిరిగి కొట్టకూడదు, తిరిగి తిట్టకూడదు, నిటారుగా కౌంటర్ వైపే చూస్తూ కూర్చోవాలి. లాసన్ అంతకుముందు 1950లలో మూడేళ్లు నాగపూర్‌లో ఉండి గాంధీ సత్యాగ్రహాన్ని చదువుకుని వెళ్లినవాడు. మన పిల్లలకు గాంధీ అంటే అక్టోబరు రెండున వేసే వేషం. ఆ మాట నాగపూర్ నుంచి నాష్‌విల్ దాకా నడిచిందని తెలిస్తే వాళ్ల కళ్లు పెద్దవవుతాయి, నేను చూశాను.

గ్రీన్స్‌బరోతో ఇబ్బంది లేకపోలేదు. జాత్యహంకార హింస ఫోటోలు కొన్ని చాలా కఠినంగా ఉంటాయి. తొమ్మిదేళ్ల లోపు పిల్లలుంటే గైడ్‌తో ముందే మాట్లాడుకోండి. రాత్రి నిద్రపట్టక టెన్షన్ పడే పిల్లలుంటారు. అంత చిన్నవాళ్లకు బెతెల్ గడ్డి వాలే మేలు, హాయిగా పరుగెత్తుతారు. చలికాలంలో మాత్రం అటు వెళ్లొద్దు, మ్యూజియం మూసి ఉంటుంది. ఇక్కడి నుంచైతే ఒక్కరోజులో తిరిగి రాలేం కూడా. న్యూజెర్సీలో చుట్టాలుంటే వేసవిలో కలుపుకోవచ్చు.

పదేళ్లు దాటినవాళ్లకు, ఒక్కటే వీలైతే, గ్రీన్స్‌బరో. కానీ పెద్దవాళ్లను అడిగి రికార్డు చేసే బెతెల్ వాళ్ల పద్ధతిని ఇంటికి తెచ్చుకోమంటాను. ఆ నలుగురిలో రిచ్‌మండ్ 1990లో, మెకెయిన్ 2014లో, మెక్‌నీల్ 2025లో వెళ్లిపోయారు. స్టూళ్లు ఎన్నాళ్లయినా ఉంటాయి, మనుషులు ఉండరు.

మేం వెళ్లొచ్చిన వారం, విశాఖ నుంచి వచ్చి మా దగ్గరున్న నాన్నగారి ముందు మా అమ్మాయి ఫోన్ పెట్టి రికార్డు నొక్కింది. "తాతయ్యా, అరవైల్లో నువ్వెక్కడున్నావు?" 1966 ఉక్కు ఉద్యమం నాటికి ఆయనకు పద్నాలుగేళ్లు. గోడల మీది నినాదాలు, కాల్పుల కబురు రాగానే బడి వదిలేయడం, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి పరుగెత్తడం, అన్నీ చెప్పారు. నేను ఆయన కూతుర్ని. చెప్పుల సంగతి నాకూ అప్పటిదాకా తెలియదు.