ఉప్పు కాగితం ముందు తేలిపోయిన ఆరువందల కిట్టు

స్క్రాప్‌బుక్ కాగితాల్ని పాతవాటిలా అరగదీసే కిట్టు వచ్చిన రోజు నాన్న దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంతకి కొన్నావేటి?" అన్నాడు. 649 అని చెప్పడానికి నోరు రాక రెండొందలన్నాను. "రెండొందలే!" అని మంచం మీద పడేసి బయటికెళ్ళిపోయాడు. నెల రోజులు వాడాక చెప్తున్నాను, ఆ రెండొందలు కూడా ఎక్కువే. అందులో ఒక్క వస్తువు మాత్రం బాగుంది, దాని సంగతి తర్వాత.

నాన్న షిప్‌యార్డులో కార్పెంటరు. 1974లో చేరి 2010లో రిటైరయ్యాడు. ఈ ఏడు డెబ్బై అయిదు నిండుతున్నాయని ఆయనకు తెలియకుండా ఒక స్క్రాప్‌బుక్ చేద్దామనుకున్నాను. పన్నెండంగుళాల చదరపు పేజీలు, వాటి మీద ఫోటోలు, టికెట్లు, నా చేతిరాత. మా ఇల్లు రెండు గదులు. తెలియకుండా చేయడం మూడో రోజుకే కుదరలేదు.

కాగితాన్ని అరగదీసే కిట్టు ఎందుకు కొన్నానో చెప్పాలి. మాది విశాఖలో మల్కాపురం. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను మా కిటికీ రెక్కను ఊడపీక్కుపోయింది. బీరువా మీదున్న రెండు ఆల్బమ్‌లూ నానిపోయాయి. ఫోటోలన్నీ పైనున్న ప్లాస్టిక్ పొరకు అతుక్కుపోయాయి. బకెట్టులో చన్నీళ్ళు పోసి ఒక్కొక్కటీ విడదీస్తే మిగిలినవి ఇరవై మూడు. వాటి అంచులు ఎర్రబడి, పసుపెక్కి, మూలలు తెల్లగా తేలాయి. వాటిని మెరిసే కొత్త కాగితం మీద పెట్టి చూస్తే, పట్టుచీరల పేరంటంలో వెలిసిన నేతచీర కట్టుకుని ఒక మూల నిలబడ్డ మనిషిలా ఉన్నాయి. ఫోటోల్ని కొత్తవి చేయలేం కాబట్టి కాగితాన్నే పాతది చేయాలి. ఈ పాత కళ తెప్పించడానికి స్క్రాప్‌బుక్‌లు చేసేవాళ్ళు వాడేది గరుకు కాగితమేనని, అంటే మన ఉప్పు కాగితమేనని అప్పుడే తెలిసింది.

ఆ ఎరుపూ పసుపూ ఎక్కణ్ణుంచి వచ్చాయో కూడా అప్పుడే తెలుసుకున్నాను. ల్యాబులో కడిగిన కలర్ ఫోటోలో రంగు మూడు పొరల్లో ఉంటుంది. పైన ఆకాశనీలం, మధ్యలో గులాబి, అడుగున పసుపు. పై పొర పోతే ఎర్రగా కనిపిస్తుంది, రెండోది కూడా పోతే పసుపు, మూడూ పోతే తెల్లకాగితం. తుఫాను నీళ్ళు చేసిన పనే గరుకు కాగితమూ చేస్తుంది, కాకపోతే మనం ఆపమన్న చోట ఆగుతుంది. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీసిన ఫోటోకి ఈ అందం రాదు. రంగంతా పైపైనే ఉంటుంది గనుక ఒక్క రుద్దుకే తెల్లబోతుంది. అందుకని పాత ఫోటోల్ని స్కాన్ చేయించి, ల్యాబులో ప్రింట్లు తీయించి, వాటినే రుద్దాను. అసలువాటి జోలికి దయచేసి పోకండి.

ఇక కిట్టు. కంపెనీ పేరు రాయను. నా కిట్టు ఒక్కటే అలా వచ్చిందేమో. పెట్టెలో ఒక ప్లాస్టిక్ పిడి, దాని అడుగున అంటించుకునే గరుకు పట్టీలు ఆరు, అంచులు గీరడానికి చిన్న బ్లేడు పనిముట్టు ఒకటి, కొసన స్పాంజి ఉన్న సన్నటి పుల్ల ఒకటి. పట్టీల మీద నంబరు లేదు. గరుకు కాగితానికి నంబరే ప్రాణం. నంబరు పెరిగేకొద్దీ నునుపు. 80 అంటే చెక్క మీద పాత పెయింటు లేపేసే రకం, 400 అంటే దాదాపు బుగ్గ మీద రాసుకోవచ్చు. నాకొచ్చిన ఆరూ ఒకే గరుకు, ముట్టుకుంటే 80కి దగ్గరగా ఉన్నాయి. మొదటి పేజీ అంచు మీద రెండుసార్లు లాగానో లేదో పూల డిజైను మొత్తం పోయి కాగితం పీచు లేచింది. పైగా ఎండకి పట్టీ జిగురు మెత్తబడి, రుద్దుతుంటే పట్టీ ఒకవైపూ పిడి ఒకవైపూ పోతున్నాయి. పట్టీలు విడిగా అమ్మరు. అయిపోతే మళ్ళీ కిట్టే కొనాలి.

బ్లేడు పనిముట్టు మొదట్లో సరదాగానే ఉంది. కాగితం అంచుని దాని నోట్లో పెట్టి లాగితే చీలికలు చీలికలుగా వస్తుంది. రెండు పేజీలయ్యాక చూస్తే అన్ని అంచులూ ఒకేలా ఉన్నాయి, మేక వరసపెట్టి మేసినట్టు. నిజంగా పాతబడిన కాగితం అలా ఉండదు.

పిడికి ఐదుకి ఒకటి, బ్లేడుకి రెండు. స్పాంజి పుల్లకి మాత్రం నాలుగున్నర ఇస్తాను. దాని చుట్టూ సన్న గరుకు పొర ఉంది. అక్షరాల కటింగుల లోపలికి, 'ఠ' సున్నా మధ్యలోకి, గుండ్రటి అంచుల్లోకి వెళ్ళేది అదొక్కటే. అది విడిగా దొరికితే కొనుక్కోండి. దొరకకపోతే గాజులూ రిబ్బన్లూ అమ్మే ఫ్యాన్సీ షాపులో గోళ్ళు రాసుకునే పట్టీ ముప్పై రూపాయలకిస్తారు, ముప్పాతిక వంతు పని అదే చేస్తుంది.

కిట్టు చేతులెత్తేశాక పూర్ణా మార్కెట్ దగ్గర హార్డ్‌వేర్ షాపుకెళ్ళాను. నాన్న చిన్నప్పుడు నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టి మేకులు కొనడానికి తీసుకెళ్ళిన వీధే. ఉప్పు కాగితం కావాలన్నాను.

"ఏ నంబరమ్మా? గోడకా, చెక్కకా?"

"కాయితానికండీ."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను చూశాడు. "కాయితానికి కాయితం రాస్తారా?" అని పక్కనున్న కుర్రాడికి చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు గానీ 120, 220, 320, 400 నాలుగూ తలొకటి తీసి, ఒక్కో షీటూ ఇరవై చొప్పున ఎనభైకి ఇచ్చారు. అరవై రూపాయల స్పాంజి దిమ్మ కూడా తీసుకున్నాను. పెయింటర్లు తడిపి వాడే నల్లటి వాటర్ పేపర్ కూడా ఒకటి తీసుకుని తప్పు చేశాను. పొడి కాగితం మీద రుద్దితే బూడిదరంగు మరక దిగింది. గోధుమరంగు షీట్లే మనకి పనికొచ్చేవి.

ఆ సాయంత్రం నేను షీటుని మధ్యకి రెండుసార్లు మడిచి రుద్దుతుంటే నాన్న వెనక నిలబడి చూశాడు. ఎంతసేపు చూశాడో గానీ చివరికి ఉండబట్టలేకపోయాడు.

"రెండు మడతలు పెడితే గరుకూ గరుకూ ఒకదాన్నొకటి తినేస్తాయమ్మా. మూడు మడతలు పెట్టు."

అంతే, ఇక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మూడు మడతలు పెడితే గరుకు పక్క ఎప్పుడూ కాగితం వీపుకే తగులుతుంది, చేతికి జారదు కూడా. కొత్త షీటుని వెంటనే వాడకూడదట. ముందు రెండు ముక్కల్ని ఒకదానితో ఒకటి రుద్ది వాటి పొగరు తగ్గించాలట. ప్లాస్టిక్ పిడి తీసి పక్కన పెట్టేసి ఖాళీ అగ్గిపెట్టె తెమ్మన్నాడు. 220 ముక్కని దాని చుట్టూ చుట్టి నా చేతికిచ్చాడు. "బరువెయ్యకు. అగ్గిపెట్టి నలిగిపోకుండా ఎంత బరువు పడతాదో అంతే." ఆరువందల పిడిలో లేని తెలివి ఆ అట్టపెట్టెలో ఉంది. ఎక్కువ నొక్కితే అదే చెప్తుంది.

రుద్దే దిశ కూడా అప్పుడే తెలిసింది. డిజైను పక్క మీంచి అంచు బయటికి, కాస్త ఏటవాలుగా, ఎప్పుడూ ఒకే వైపు లాగాలి. బయట్నుంచి లోపలికి తోస్తే అంచు లేచి చిరుగుతుంది. ఇప్పుడు నా వరస ఇది: 220తో అంచులు, 320తో పేజీ మధ్యలో అక్కడక్కడ, ఫోటోలకి 400. 120 షీటుని ఒకే ఒక్క పనికి వాడుతున్నాను. అట్ట మీద డిజైను కాగితం అతికించి, జిగురు పూర్తిగా ఆరాక, బయటికి పొడుచుకొచ్చిన అంచుని 120తో కిందికి లాగితే కత్తెర పెట్టకుండానే అట్టతో సమంగా ఊడొస్తుంది. అంచు దానంతటదే తెల్లగా అరిగినట్టు ఉంటుంది. పుస్తకం పై అట్ట నేను అలాగే చేశాను. ఈ ఒక్క పని కోసమైనా ఉప్పు కాగితం ఇంట్లో ఉండాలి.

పనిముట్టు కంటే ముందు చూడాల్సింది కాగితమని నాకు మూడు పేజీలు పాడయ్యాక గానీ ఎక్కలేదు. ద్వారకానగర్‌లో కొన్న ముదురు నీలం కార్డ్‌స్టాక్‌ని, అంటే మందపాటి కాగితాన్ని, ఎంత రుద్దినా ఏమీ కనబడదు. లోపల కూడా నీలమే, మరి. పైన రంగు, లోపల తెలుపు ఉన్న రకం కావాలి. ఒక షీటు కొని మూల చించి చూడండి. చిరిగిన చోట తెల్లగీత కనిపిస్తే మిగతావి కొనండి. లోపల వేరే రంగున్న షీట్లు కూడా వస్తాయి గానీ ఖరీదు.

వాటికి బదులు నేను చేసింది చెప్తాను. షిప్‌యార్డు పేజీకి ఓడ గోడలాంటి నేపథ్యం కావాలి. మందపాటి (300 జీఎస్ఎమ్) తెల్ల అట్ట మీద ముందు ఇటుకరంగు యాక్రిలిక్ పెయింటు, ఆరాక దాని మీద బూడిదరంగు. ఒక పూట ఆగి 220తో అక్కడక్కడ లాగితే బూడిద కింద ఇటుకరంగు తొంగిచూసింది. నాన్న దగ్గరికి తెచ్చి చూసి, "ప్రైమరు కనపడతంది" అన్నాడు. ఇనుప రేకులకి ముందు ఎర్ర ప్రైమరు కొట్టి దాని మీద రంగేసేవారట. నేను ఆ రంగులు అందం కోసం ఎంచుకున్నాను. ఆయన ముప్పై ఆరేళ్ళ ఉద్యోగం చూసుకున్నాడు.

ఆ పేజీ ఎదురుగా తాతయ్య పేజీ. తాతయ్య సింధియా ఓడల కంపెనీ రోజుల్లోనే యార్డులో ఖలాసీ. 1952లో ఆ యార్డు హిందుస్థాన్ షిప్‌యార్డు అయినా మా వైపు జంక్షన్ ఇప్పటికీ సింధియానే. 1948 మార్చి 14న నెహ్రూ గారు జల ఉష అనే ఓడను నీళ్ళలోకి దింపినప్పుడు తాతయ్య ఆ జనంలో ఉన్నాడని నాన్న చెప్తాడు. ఆయనవి మిగిలినవి రెండే ఫోటోలు, రెండూ నలుపు తెలుపువే. వాటి ప్రింట్లకి 400తో మూలలు మాత్రం తాకించాను.

ఇంకుప్యాడు వాడేవాళ్ళకి ఒక మాట. రుద్దిన తర్వాత ఇంకు పెడితే పీచు లేచిన చోట ఎక్కువ పీల్చుకుని ముదురు గోధుమరంగు తిరుగుతుంది, టీ పడినట్టు. ఇంకు ముందు పెట్టి ఆరాక రుద్దితే అంచు తెల్లగా వస్తుంది. నాకు మొదటిది నచ్చింది. ఏది చేసినా ముందు పొడి దులిపేయండి. నోటితో ఊదకండి, ఉమ్ము పడుతుంది, ఊపిరిలోకీ పోతుంది. పాత మెత్తటి బ్రష్షు చాలు. మాస్కు పెట్టుకోండి. మొదటి వారం నాకు తుమ్ములే తుమ్ములు.

విశాఖలో ఉన్నవాళ్ళకి ఇంకో బాధ ఉంది, సముద్రం గాలి. వానాకాలం సాయంత్రాలు కాగితం అప్పడంలా మెత్తబడుతుంది. అప్పుడు రుద్దితే పొడి రాలదు, ఉండలు చుట్టుకుంటుంది. మధ్యాహ్నం ఎండ కాసినప్పుడు రుద్దుకోవడమే నయం. షీట్లూ ఉప్పు కాగితాలూ స్టీలు డబ్బాలో పెట్టి, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు నాలుగు పడేశాను. ఇప్పుడు ఫర్వాలేదు.

మొత్తం పద్దెనిమిది పేజీలయ్యాయి. పుట్టినరోజుకి ఇంకా పది రోజులుండగానే నాన్న అడిగి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఫోటోల కంటే ముందు అంచులే బొటనవేలితో తడుముతూ చూశాడు. ఏడో పేజీ దగ్గర ఆగాడు.

"ఇక్కడ ఎక్కువైపోనాది."

"ఎక్కడ?"

"ఈ ఎడం మూల. కుట్టు పక్కది. పేజీ తిప్పేది కుడిపక్క పట్టుకుని కదా, ఇదెలా అరుగుద్ది? దీన్ని ఎవుడు ముట్టుకుంటాడు?"

ఆ మూల మీద పాత సిటీ బస్సు టికెట్టు ఒకటి అతికించాను.