రచ్చబండకు జవాబు బటన్ వచ్చాక: ఒక పాత వాడుకరి సమీక్ష

నేను ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో టైపు చేస్తాను. అందులో ఎడమ పక్క పై మూలన ఉండే మీటను షిఫ్టుతో కలిపి నొక్కితే టిల్డే (~) రాదు, 'ఒ' వస్తుంది. తెలుగు వికీపీడియా చర్చ పేజీల్లో ఏం రాసినా చివర నాలుగు టిల్డేలు కొట్టాలి. పేజీ భద్రపరచగానే వాటి స్థానంలో మన పేరు, సమయం, తేదీ వచ్చి కూర్చుంటాయి. దాన్నే సంతకం అంటాం. నేను భాష మార్చడం మర్చిపోయి కొట్టేవాణ్ణి. అందుకే మొదటి ఏడాది నా సంతకాల్లో సగం "ఒఒఒఒ" అనే ఉండేవి. ఒక పెద్దాయన చూసి చూసి, "ఇంతకీ ఒప్పుకుంటున్నారా, ఒద్దంటున్నారా?" అని అడిగారు.

అది 2011. నేను హబ్సిగూడలో ఉంటాను, ఉద్యోగం అకౌంట్స్‌లో. తెవికీలో, అంటే తెలుగు వికీపీడియాలో, రాసేది ఎక్కువగా నగరంలోని పేటలు, చెరువులు, పాత కట్టడాల గురించి. 2003 డిసెంబరులో మొదలైన తెవికీకి నేను ఆలస్యంగా వచ్చినవాణ్ణే. వ్యాసాల సంగతి అలా ఉంచితే, ఇక్కడ చెప్పదలచుకున్నది వాటి వెనకాల జరిగే చర్చల గురించి. ప్రతి వ్యాసానికీ పక్కనే ఒక చర్చ పేజీ ఉంటుంది. అందరికీ సంబంధించిన విషయాలు మాట్లాడుకోవడానికి ఒక ఉమ్మడి పేజీ ఉంటుంది. దాని పేరు రచ్చబండ. ఇంత చక్కటి పేరు పెట్టినవాళ్లకు దణ్ణం పెట్టాలి. ఆ పేజీలోకి 2021లో జవాబు బటన్ వచ్చింది. నేను దాన్ని బీటాలో, అంటే ఇంకా ప్రయోగ దశలో, ఉన్నప్పుడే ఆన్ చేసుకున్నాను, అప్పట్నుంచి వాడుతూనే ఉన్నాను. కొత్తలోనే రాసి ఉంటే ఉత్త పొగడ్తలే రాసేవాణ్ణి.

బటన్ విలువ తెలియాలంటే ముందు పాత పద్ధతి తెలియాలి. చర్చ పేజీ అంటే నిజానికి ఒక ఖాళీ కాగితం. ఎవరైనా ఎక్కడైనా రాయొచ్చు, పక్కవాళ్లు రాసింది మార్చనూ వచ్చు. జవాబు రాయాలంటే ఆ విభాగం మొత్తాన్ని దిద్దుబాటుకు తెరవాలి. మూసలు, లింకులు, బ్రాకెట్లు కలిసిన ఆ అడవిలో, మనం ఎవరికి జవాబిస్తున్నామో ఆయన మాటలు ఎక్కడ అయిపోయాయో వెతుక్కోవాలి. లైను మొదట ఎన్ని కోలన్లు (:) పెడితే ఆ లైను అన్ని మెట్లు లోపలికి జరుగుతుంది, ఎవరికి జవాబో దాన్ని బట్టే తెలుస్తుంది. అందుకే ఆ కింద కొత్త లైనులో ఆయన పెట్టిన కోలన్లకంటే ఒకటి ఎక్కువ పెట్టి మొదలెట్టాలి. ఆయన మూడు పెడితే మనం నాలుగు. లెక్క తప్పితే మన జవాబు ఇంకెవరికో చెప్పినట్టు కనపడుతుంది. పొద్దంతా డెబిట్లూ క్రెడిట్లూ చూసి ఇంటికొచ్చి, రాత్రి కోలన్లు లెక్కపెట్టుకునేవాణ్ణి.

ఇక దిద్దుబాటు ఘర్షణ. నేను రాస్తున్నప్పుడే అదే విభాగంలో ఇంకొకరు ముందుగా భద్రపరిచేస్తే, నా వంతు వచ్చేసరికి ఒక ఎర్ర హెచ్చరికా రెండు పెట్టెలూ ప్రత్యక్షం. పైన వాళ్లది, కింద నాది, కలుపుకోవడం నా పని. ఒకసారి ఉస్మాన్ సాగర్ వ్యాసం పేరు గురించి చర్చ నడుస్తోంది. 1908 మూసీ వరదల తరవాత కట్టి 1920లో పూర్తి చేసిన జలాశయం అది. ఊళ్లో మాత్రం అందరికీ గండిపేట చెరువే. శీర్షిక ఏది ఉండాలి? నేను గంట కూర్చుని, ఆధారాలతో సహా నాలుగు పేరాలు రాశాను. భద్రపరిస్తే ఘర్షణ. కంగారులో పై పెట్టెలోది ఉంచి కింది దాన్ని వదిలేశాను. నాలుగు పేరాలూ గంగలో కలిశాయి, లేదా మూసీలో అనుకోండి. మళ్లీ రాసే ఓపిక లేక "గండిపేటను దారిమార్పుగా ఉంచితే చాలు" అని ఒక్క వాక్యం రాసి పడుకున్నాను. దారిమార్పు అంటే ఆ పేరుతో వెతికినవాళ్లను అసలు వ్యాసానికి తీసుకెళ్లే పేజీ. చివరికి ఆ వాక్యానికే అందరూ సరేనన్నారు. ఆ నాలుగు పేరాల అవసరమే లేదేమో, అది వేరే సంగతి.

పింగు చేయడంలో ఇంకో మెలిక ఉండేది. ఎవరినైనా పేరు పెట్టి పిలిస్తే వాళ్లకు గంట మోగుతుంది. కానీ ఆ పిలుపూ మన సంతకమూ ఒకే దిద్దుబాటులో ఉంటేనే మోగుతుంది. సంతకం మర్చిపోయి తరవాత వచ్చి అతికిస్తే పేజీ చూడ్డానికి బాగానే ఉంటుంది, అవతలివాళ్లకు మాత్రం కబురు అందదు. "మిమ్మల్ని అడిగి నెలైంది, పలకరేం?" "ఎప్పుడు అడిగారండీ?" ఈ సంభాషణ నేను రెండు వైపులా ఉండి చూశాను. తెలుగువాళ్లం పిలిచాక పక్కన 'గారూ' తగిలించకపోతే మనసొప్పదు. అంత మర్యాదగా పిలిచినా పలకలేదంటే పట్టింపు వస్తుంది. ఒక టిల్డే లోపం మాటపట్టింపుగా మారిన సందర్భాలు ఉన్నాయి.

జవాబు బటన్ వీటన్నిటినీ ఒక్క దెబ్బతో తీసేసింది. ప్రతి వ్యాఖ్య చివరా ఒక చిన్న లింకు. నొక్కితే అక్కడికక్కడే పెట్టె తెరుచుకుంటుంది. రాసి పంపితే కోలన్లు అదే పెట్టుకుంటుంది, సంతకం అదే చేస్తుంది. ఈలోగా వేరేవాళ్లు రాసినా ఘర్షణ లేకుండా మన జవాబు దాని చోట అది చేరుతుంది. @ కొడితే ఆ చర్చలో ఉన్నవాళ్ల పేర్లు వరసగా కనిపిస్తాయి. ఎంచుకుని, ఖాళీ వదిలి, గారూ అనడమే మన పని. పొరపాటున ట్యాబు మూసేసినా మళ్లీ అదే బ్రౌజరులో వెళ్తే రాసింది రాసినట్టు ఉంటుంది. గండిపేట పేరాలకు అప్పుడు ఈ భాగ్యం లేకపోయింది.

నా వాడకంలో పెద్ద మార్పు ఫోన్‌లో వచ్చింది. ఇదివరకు ఫోన్ నుంచి చర్చలో పాల్గొనడమంటే సాహసమే. చదివి ఊరుకునేవాణ్ణి, రాత్రి కంప్యూటరు ముందు కూర్చున్నాక రాసేవాణ్ణి. ఇప్పుడు హబ్సిగూడలో మెట్రో ఎక్కి, సికింద్రాబాద్ ఈస్ట్‌లో సీటు దొరికితే, అమీర్‌పేటలో జనం తోసుకొచ్చేలోపు రెండు మూడు జవాబులు అయిపోతాయి.

ఈ బటన్ ఎలా పుట్టిందన్న కథే నాకు బటన్ కంటే ఎక్కువ నచ్చింది. చర్చ పేజీలు కష్టంగా ఉన్నాయని వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్‌కు ఎప్పట్నుంచో తెలుసు. అందుకే ఫ్లో అనే కొత్త వ్యవస్థను తయారు చేసి 2014లో ఇంగ్లీషు వికీపీడియాలో కొన్ని పేజీల్లో ప్రయోగించారు. చూపుకు బాగుండేది. కొత్తవాళ్లకు తేలిక. కానీ అది కాగితం కాదు, ఫారం. పాతవాళ్లు చర్చ పేజీని చర్చకే వాడరు. లెక్కలు రాసుకుంటారు, పట్టికలు పెడతారు, వ్యాసం ముక్కను తెచ్చి అక్కడే చెక్కుతారు. ఆ స్వేచ్ఛ పోతుందని గట్టిగా వ్యతిరేకించారు. 2015లో ఫ్లో అభివృద్ధి దాదాపు ఆగిపోయింది.

తరవాత 2019లో పద్ధతి మార్చారు. ముందు తయారు చేసి తరవాత చూపించడం కాకుండా, ముందే వివిధ భాషల వికీల్లో సంప్రదింపులు పెట్టారు. చర్చ పేజీలతో మీకు ఏం ఇబ్బంది, ఏం ఉండాలి, ఏం పోకూడదు అని అడిగారు. తేలింది ఏమిటంటే కాగితం కాగితంలాగే ఉండాలి, దాని మీద పనిముట్లు మాత్రం పెట్టండి అని. 2020 మార్చిలో అరబిక్, డచ్, ఫ్రెంచ్, హంగేరియన్ వికీపీడియాల్లో జవాబు బటన్‌ను మొదట పరీక్షకు పెట్టారు. వాళ్లు చెప్పిన లోపాలు సరిదిద్దుకుంటూ మిగతా భాషలకు తెచ్చారు. బటన్ వద్దనుకునేవాళ్లు అభిరుచుల్లోకి (సెట్టింగుల్లోకి) వెళ్లి తీసేసుకోవచ్చు, పాత పద్ధతిలో కోలన్లు పెట్టుకోవచ్చు. ఒకే చర్చలో ఒకరు బటన్‌తో, ఇంకొకరు కోలన్లతో రాస్తున్నా పేజీకి తేడా తెలియదు. మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ మార్చిన ప్రతిసారీ నాకు ఈ కథే గుర్తొస్తుంది. ఒక సోమవారం వచ్చేసరికి అంతా మారిపోయి ఉంటుంది, అడగడానికి మనిషి ఉండడు.

ఇంకో లాభం చందా. ఇదివరకు రచ్చబండను వీక్షణ జాబితాలో పెట్టుకుంటే ఆ పేజీలో ఏ మూల ఎవరు తుమ్మినా కనిపించేది. ఇప్పుడు కావలసిన చర్చకే చందా కట్టుకోవచ్చు. డబ్బేం కాదు, ఆ చర్చలో కొత్త వ్యాఖ్య పడితే మనకు గంట మోగుతుంది, అంతే. శీర్షిక కింద చివరి వ్యాఖ్య ఎప్పటిదో, ఎన్ని వ్యాఖ్యలున్నాయో, ఎంతమంది మాట్లాడారో కూడా చూపిస్తుంది. ఇది చిన్నదే కానీ నాకు బాగా ఉపయోగం. ఎందుకంటే సంతకంలో పడే సమయం మనది కాదు, యూటీసీ అనే అంతర్జాతీయ సమయం. రాత్రి పదిన్నరకు రాస్తే 17:00 అని ఉంటుంది. తెల్లవారుజామున 5 గంటలకు లేచి రాస్తే నిన్నటి తేదీ పడుతుంది. ఐదున్నర గంటలు కలుపుకోవడం అలవాటైంది గానీ, కొత్తవాళ్లకు చెప్పేటప్పుడు ఇప్పటికీ తడబడతాను.

సరే, నచ్చనివి.

మొదటిది కోపం. పాత పద్ధతిలో జవాబివ్వడం ఎంత కష్టమంటే, కంప్యూటరు తెరిచి, విభాగం తెరిచి, చోటు వెతికి, కోలన్లు లెక్కపెట్టేలోపు సగం వేడి దిగిపోయేది. ఇప్పుడు బేగంపేట స్టేషన్లో నిలబడి చదివి, రెండో స్టేషన్ వచ్చేసరికి కొట్టిపడేస్తున్నాం. కిందటేడు ఒక వాడుకరికి నేను అలాగే పుల్లవిరుపుగా జవాబిచ్చాను. ఆఫీసుకెళ్లి చదువుకుంటే నాకే సిగ్గేసింది. చెరిపేద్దామంటే పేజీ చరిత్రలో ఉంటుంది. క్షమించమని ఇంకో జవాబు రాశాను. తప్పు బటన్‌ది కాదు, నాది. అయినా అది చేతిలో లేకపోతే ఆ పని చేసి ఉండేవాణ్ణి కాదు.

రెండోది ధన్యవాదాలు. వికీలో ఎవరి మార్పు నచ్చినా చప్పుడు చేయకుండా ధన్యవాదం చెప్పే లింకు ఎప్పట్నుంచో ఉంది. అది ఆ ఒక్కరికే అందుతుంది. మనవాళ్లకు అది తృప్తినివ్వదు. పది మందిలో "ధన్యవాదాలండీ" అనాలి. దానికి "సంతోషమండీ" అనాలి. చందా కట్టిన పన్నెండు మందికీ ప్రతిసారీ గంట మోగుతుంది. నిర్ణయం వచ్చిందేమోనని ఆత్రంగా తెరిస్తే నమస్కారాలు.

మూడోది మెట్లు. బటన్ ఎప్పుడూ ఎవరికి జవాబిస్తే వాళ్ల కింద ఇంకో మెట్టు లోపలికి నెడుతుంది. ఇద్దరు పట్టుదల మనుషులు ఎనిమిది తొమ్మిది సార్లు వాదించుకుంటే ఫోన్‌లో ఆ వ్యాఖ్య లైనుకు ఒక మాటగా నిట్టనిలువునా జారుతుంది. ఇంగ్లీషుకు ఫర్వాలేదేమో. మన మాటలు పొడుగు కదా, "తీసుకురావలసినవాళ్లమేనంటున్నారు" లాంటిది వస్తే ఇక అంతే. చేత్తో రాసే రోజుల్లో ఎవరో ఒకరు చర్చను మళ్లీ ఎడమ అంచుకు లాక్కొచ్చేవారు. బటన్‌కు ఆ ఇంగితం లేదు.

అభిప్రాయం చెప్పాలనుకునేవాళ్లకు దారులు ఉన్నాయి. లోపాలు నమోదు చేసే ఫాబ్రికేటర్‌లోకి వికీ ఖాతాతోనే వెళ్లొచ్చు. కొత్త సౌకర్యాలు కావాలని అడగడానికి 2015లో మొదలైన కోరికల సర్వే ఇప్పుడు ఎప్పుడూ తెరిచి ఉండే కోరికల జాబితాగా మారింది. ఇంగ్లీషులో రాయాలని మనవాళ్లు జంకుతారు. అయితే తెలుగులోనే చేయగలిగిన పని ఒకటుంది, అదే అనువాదం. బటన్ల మీద, హెచ్చరికల్లో కనపడే తెలుగు ఆకాశం నుంచి ఊడిపడదు. ట్రాన్స్‌లేట్‌వికీ సైటులో మనలాంటివాళ్లు కూర్చుని రాసేదే. ఎంతమంది మాట్లాడారో చూపే ఒక్క ముక్క తీసుకోండి. ఇంగ్లీషుకు ఏకవచనం, బహువచనం ఉంటే సరిపోతుంది. మనకు ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఆ తరవాత ఎప్పుడో మంది. ఒక్కో అంకెకు విడిగా మాట ఇచ్చే వీలు అక్కడ ఉంది, చేసే ఓపిక ఉండాలి. నేను కొన్ని ముక్కలు చేశాను. ఒక మాట నాకు కృతకంగా తోస్తే రచ్చబండలో అడుగుతాను. ఆ మాట గురించే మళ్లీ ఇరవై వ్యాఖ్యలు.

ఒకప్పుడు ఆబిడ్స్ దగ్గర గోల్డెన్ థ్రెషోల్డ్‌లో, అంటే సరోజినీ నాయుడు ఉన్న ఇంట్లో, తెవికీ సమావేశాలు జరిగేవి. కొత్తగా వచ్చినవాళ్లకు పక్కన కూర్చుని టిల్డే ఎక్కడుందో వేలితో చూపించేవాళ్లం. 2023 ఏప్రిల్‌లో వికీ కాన్ఫరెన్స్ ఇండియా ఇక్కడే హైదరాబాదులో జరిగింది. ఈ మధ్య ఒక ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాడికి నేర్పిస్తూ, అలవాటు కొద్దీ సంతకం గురించి మొదలెట్టాను. "అదేంటి అంకుల్, నేను రాశానని దానికి తెలీదా?" అన్నాడు. అప్పటికే బటన్ నొక్కి జవాబు పంపేశాడు. సంతకం దానంతట అదే పడి ఉంది. నా పాఠం అక్కడితో అయిపోయింది.

బటన్ తయారు చేసినవాళ్లు నాలాంటివాళ్ల గురించి కూడా ఆలోచించారు. పాత అలవాటుతో చివర నాలుగు టిల్డేలు కొట్టినా, రెండు సంతకాలు పడకుండా వాటిని అదే తీసేస్తుంది. కానీ 'ఒ'లను మాత్రం తీయదు. కిందటి వారం కూడా ఒక జవాబు చివర "ఒఒఒఒ" పడి, పక్కనే నా సంతకం బుద్ధిగా వచ్చి కూర్చుంది.