నీళ్లలో సీసం, పాదరసం: రంగు మారే నానో కణాలా, ల్యాబ్ పరీక్షా?

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి ఫిట్స్‌తో ఆస్పత్రుల పాలయ్యారు. వారి రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కనిపించింది. అలాంటి వార్త విన్నాక మన నీళ్ల సంగతేంటని ఎవరికైనా టెన్షన్ మొదలవుతుంది. బొట్టు వేస్తే రంగు మారే ద్రావణంతో తేల్చుకోవచ్చా?

ఆ ద్రావణంలో ఉండేవి నానో కణాలు, అంటే కంటికి కనిపించనంత చిన్న బంగారం లేదా వెండి రేణువులు. ముందు బంగారం సంగతి. 13 నానోమీటర్ల బంగారు కణాలు నీళ్లలో విడివిడిగా ఉంటే ద్రావణం ఎర్రగా ఉంటుంది, గుంపు కడితే ఊదా, నీలం రంగుల్లోకి తిరుగుతుంది. లోహం తగిలినప్పుడే ఆ మార్పు వచ్చేలా కణాలకు డీఎన్ఏ ముక్కలు అతికిస్తారు. 2003లో ఇలినాయ్ యూనివర్సిటీలో యీ లూ బృందం సీసానికి చేసిన సెన్సర్‌లో లెక్క తలకిందులు: సీసం ఉంటే డీఎన్ఏ తెగిపోయి కణాలు విడిగానే ఉంటాయి. అంటే అక్కడ ఎరుపే ప్రమాదం! కాబట్టి ఏ రంగు దేనికి గుర్తో చదవకుండా కిట్ ముట్టుకోకూడదు.

వెండి కణాలు పసుపుగా ఉంటాయి. పాదరసం తగిలితే ఆ పసుపు వెలిసిపోతుంది. బంగారం కంటే చవకే కానీ, వెండి గాలికీ ఉప్పుకీ త్వరగా పాడవుతుంది. నిల్వ ఉంచి వాడాలంటే నా ఓటు బంగారానికే.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ సీసం సెన్సర్ పట్టగలిగిన కనీస మోతాదు 100 నానోమోలార్, అంటే లీటరుకు సుమారు 20 మైక్రోగ్రాములు. తాగునీటిలో సీసానికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. పాదరసానికైతే 1 మాత్రమే. తర్వాత ఇంతకంటే సున్నితమైనవీ వచ్చాయి కానీ, కిట్ పట్టే కనీస మోతాదు ఈ హద్దుకు పైన ఉంటే రంగు మారలేదని నిశ్చింతగా తాగలేం. పైగా ఉప్పు ఎక్కువైతే కణాలు వాటంతటవే గుంపు కడతాయి. మన బోరునీళ్లలో ఉప్పుకీ గట్టిదనానికీ కొదవేముంది? గుంపు కడితే ప్రమాదమని చూపే కిట్‌లో లేని విషం ఉన్నట్టు కనిపించవచ్చు.

ల్యాబ్‌లో ఐసీపీ-ఎంఎస్ యంత్రం ఒకే నమూనాలో చాలా లోహాలను లీటరుకు మైక్రోగ్రాము కంటే తక్కువ స్థాయిలోనూ కొలుస్తుంది. ఖర్చూ ఎక్కువే, రిపోర్టుకు ఆగాలి కూడా. ఊళ్లో యాభై బోర్లుంటే ముందు దేన్ని అనుమానించాలో చూడటానికి రంగు కిట్ పనికొస్తుంది, అదీ ఆ నీళ్లతో సరిచూసుకున్నాకే. ఇంట్లో పసిపిల్లలో గర్భిణులో ఉంటే నేరుగా ల్యాబ్‌కే వెళ్తాను.

శాంపిల్ బాటిల్ ల్యాబ్ వాళ్లనే అడిగి తీసుకోండి. సీసం బాటిల్ గోడలకు అంటుకోకుండా నైట్రిక్ ఆమ్లం ఎప్పుడు కలపాలో వాళ్లే చెబుతారు. రాత్రంతా పైపులో నిలిచిన మొదటి నీళ్లు ఒక బాటిల్‌లో, కాసేపు కుళాయి వదిలాక వచ్చినవి మరో బాటిల్‌లో పట్టండి. మొదటిదాంట్లోనే సీసం ఎక్కువుంటే ముందు అనుమానించాల్సింది బోరును కాదు, ఇంట్లో పైపులనూ ఇత్తడి కుళాయిలనూ.