భయానికి పది దారులు: ‘వాన్ రిక్టెన్స్ గైడ్ టు రేవెన్‌లాఫ్ట్’ సమీక్ష

దయ్యం కథ చెప్పడం వేరు, దయ్యం కథను ఆడించడం వేరు. చెప్పేవారికి దీపం ఎప్పుడు ఆర్పాలో, తలుపు ఎప్పుడు కిర్రుమనాలో తెలుసు, వినేవారు నోరు మూసుకుని వింటారు. ఆడించేవారి ఎదుట మాత్రం నలుగురు స్నేహితులు, బల్ల మీద చల్లారిపోతున్న మిరపకాయ బజ్జీలు, కిటికీ అవతల ఆటో హారన్లు ఉంటాయి. పైగా ఆ నలుగురిలో ఎవరైనా ఏ క్షణాన్నయినా “ఆ తలుపు నేను తెరవను, ఊరికి తిరిగి వెళ్ళిపోతాను” అనవచ్చు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో హారర్ నడపడం ఇంత కష్టం కావడానికి కారణం ఈ స్వేచ్ఛే. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అయిదవ ఎడిషన్ కోసం విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2021 మే నెలలో విడుదల చేసిన 256 పేజీల ఈ గట్టి అట్ట పుస్తకం ఆ కష్టాన్ని ఎంతవరకు తగ్గిస్తుందో, ఎక్కడ తగ్గించలేకపోతుందో, దాన్ని దగ్గర పెట్టుకుని కొన్ని నెలల పాటు ఆట నడిపిన అనుభవంతో ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఆటలతో పరిచయం లేనివారి కోసం ఒక్క మాట. ఒకరు గేమ్ మాస్టర్‌గా లోకాన్ని, అందులోని మనుషులను, రాక్షసులను నడిపిస్తారు. తక్కినవారు ఒక్కొక్క పాత్ర వహించి తామేం చేస్తారో నోటితో చెబుతారు. ఫలితం సందేహంగా ఉన్నచోట పాచికలు తేలుస్తాయి. రేవెన్‌లాఫ్ట్ ఈ ఆటలో పాత పేరు. ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ దంపతులు 1983లో రాసిన ఒక సాహస కథలో, స్ట్రాడ్ అనే రక్తపిశాచి ప్రభువు ఉండే కోట పేరుగా అది మొదలయింది. 1990 నాటికి పొగమంచు చుట్టుముట్టిన అనేక భీకర రాజ్యాల సమూహంగా విస్తరించింది. ఒక్కొక్క రాజ్యం ఒక్కొక్క దుష్ట ప్రభువుకు చెరసాల. ఆ ప్రభువు చేసిన పాపమే అక్కడి భూమిగా, వాతావరణంగా, మనుషులుగా రూపు కట్టి అతణ్ణి పట్టి ఉంచుతుంది.

పుస్తకంలో అయిదు అధ్యాయాలున్నాయి. మొదటిది పాత్రల నిర్మాణానికి సంబంధించినది: సగం రక్తపిశాచులు, చచ్చి లేచినవారు వంటి కొత్త జాతులు, వరమూ శాపమూ కలగలిసిన ‘డార్క్ గిఫ్ట్’లు అందులో వస్తాయి. ఆటగాళ్ళకు సరదాగా ఉంటుంది. ఇంతకు మించి దాని గురించి చెప్పవలసినది లేదు. పుస్తకం ధర అసలు రెండవ అధ్యాయానికే చెల్లుతుందని నా అభిప్రాయం.

ఆ అధ్యాయం హారర్‌ను ఒకే ముద్దగా చూడదు. బాడీ హారర్ (శరీరమే వికృతమయ్యే భయం), కాస్మిక్ హారర్ (మనిషి బుద్ధికి అందని శక్తుల భయం), డార్క్ ఫాంటసీ, ఫోక్ హారర్, దయ్యాల కథలు, గోథిక్ హారర్ అనే ఆరింటిని విడివిడిగా, వివరంగా పరిశీలిస్తుంది. విపత్తు హారర్, అతీంద్రియ పరిశోధన కథలు, మానసిక హారర్, స్లాషర్ (హంతకుడు ఒక్కొక్కరినే వేటాడే కథ) అనే నాలుగింటిని క్లుప్తంగా పరిచయం చేస్తుంది. ప్రధానమైన శాఖలకు పాచిక వేసి ఎంచుకోగల పట్టికలున్నాయి: ఆ శాఖకు నప్పే రాక్షసులు, ప్రతినాయకులు, వారిని లోలోపల తినేసే వేదనలు, కథ జరిగే చోట్లు, కథాంశాలు. పైపైన చూస్తే ఇవి బద్ధకస్తులైన గేమ్ మాస్టర్లకు ఊతకర్రల్లా కనిపిస్తాయి గాని, ఒక శాఖ పట్టికను మరొక శాఖ పట్టిక పక్కన పెట్టి చదివితే వాటి పని వేరని తెలుస్తుంది. ఒకే పాడుబడిన ఇల్లు గోథిక్ కథలో వంశపు పాపానికి నిలువెత్తు గుర్తు అవుతుంది, దయ్యం కథలో తీరని కోరికకు చిరునామా అవుతుంది, బాడీ హారర్‌లో గోడలు ఊపిరి పీలుస్తున్న ఒక శరీరం అవుతుంది. ఇల్లు మారలేదు, ఆటగాళ్ళను మనం దేని గురించి భయపడమంటున్నామో అది మారింది. సన్నివేశం రాయడానికి కూర్చునే ముందు ఈ సంగతి తేల్చుకోకపోతే, గబ్బిలాలూ రక్తపు మరకలూ సమాధులూ అన్నీ కలిపి పోసిన పులుసు తయారవుతుంది. నా మొదటి రెండు సెషన్లలో అచ్చంగా అదే తయారయింది.

ఫోక్ హారర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తెలుగువారికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది అదే. లోకానికి దూరంగా ఉన్న ఒక పల్లె, అక్కడి పాత నమ్మకం, దాన్ని కాపాడుకోవడానికి ఎంతకైనా వెనుదీయని ఊరు, ఏమీ తెలియకుండా అడుగు పెట్టిన బయటివాడు: ఈ శాఖ నడక స్థూలంగా ఇది. పుస్తకంలో దీనికి ఉదాహరణ టెపెస్ట్ అనే రాజ్యం. అక్కడి జనం ‘తల్లి’ అని కొలిచే శక్తి నిజానికి ఒక మంత్రగత్తె. ఆ పేజీలు చదువుతున్నప్పుడు నా మనసు నేరుగా పొలిమేరకు వెళ్ళింది. మన జాతరల్లో బలి రక్తం కలిపిన అన్నాన్ని ఊరి చుట్టూ చల్లుతారు; దాన్నే పొలి చల్లడం అంటారు. ఆ రాత్రి ఊరి ఎల్ల దాటకూడదన్న కట్టుబాటు విన్నవారికి, ఎల్ల లోపల ఉన్నవాడెవడు, బయట మిగిలిపోయినవాడెవడు అన్న ప్రశ్నలోనే ఒక పూర్తి సాహస కథ ఉందని వేరే చెప్పనక్కరలేదు. నేను ఆ ప్రశ్న చుట్టూ ఒక కథ అల్లి ఆడించాను. అయిదుగురు కూర్చున్న బల్ల దగ్గర ఆ రాత్రి మాటలు తగ్గిపోయాయి. బజ్జీలు అలాగే మిగిలాయి.

అయితే ఇక్కడొక చిక్కుంది. ఫోక్ హారర్ అజాగ్రత్తగా నడిపితే పల్లెవాళ్ళ నమ్మకమే దుర్మార్గమని, పట్నవాసుల తెలివే విముక్తి అని చెప్పే కథగా దిగజారిపోతుంది. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషులను నిజంగానే కొట్టి చంపిన ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళం మనం. మంత్రగత్తె ఉందని ఊరంతా నమ్మడం, చివరకు నిజంగానే ఉందని తేలడం అనే మలుపు మన బల్ల దగ్గర అంత అమాయకమైన వినోదం కాదు. పుస్తకం ఈ ప్రమాదాన్ని ఒక మేరకు గుర్తించింది. పాత రేవెన్‌లాఫ్ట్‌లో సంచార జాతి మీద రుద్దిన మూస చిత్రణను ఇందులో సవరించారు. ఆట మొదలు కాకముందే అందరూ కలిసి కూర్చుని, ఏ విషయాలు కథలోకి రావచ్చు, ఏవి అసలు రాకూడదు అని మాట్లాడుకునే ‘సెషన్ జీరో’ గురించి నాలుగవ అధ్యాయం ఓపికగా వివరిస్తుంది. మొదట నాకు ఇది లాంఛనంగా తోచింది. మా జట్టులో ఒకరు చిన్నపిల్లలకు హాని జరిగే సన్నివేశాలు వద్దని ముందే చెప్పినప్పుడు, నేను సిద్ధం చేసుకున్న కథలో సగం కొట్టివేయవలసి వచ్చినప్పుడు, దాని అవసరం అర్థమయింది. కొట్టివేసిన తరువాత మిగిలిన కథే మెరుగ్గా వచ్చింది.

మూడవ అధ్యాయం అన్నిటికన్నా పెద్దది. పదిహేడు రాజ్యాలను వివరంగా, మరికొన్నిటిని ఒకటి రెండు పేరాల్లో వర్ణిస్తుంది. రెండవ అధ్యాయంలోని సిద్ధాంతానికి ఇవి ప్రయోగాలు. మృతుల సేనలు నెలనెలా దండెత్తే ఫాల్కోవ్నియా విపత్తు హారర్‌కు, దయ్యాల ఊరు మోర్డెంట్ దయ్యాల కథకు, మనుషుల దేహాలతో ప్రయోగాలు చేసే శాస్త్రవేత్త ఉన్న లామోర్డియా బాడీ హారర్‌కు నమూనాలు. నాకు అన్నిటికన్నా నచ్చినది ఐకాత్: అక్కడి జనం శిథిల నగరంలో నిద్రపోతూ, కలలో తమ పాలకురాలు కోరిన పరిపూర్ణ నగరాన్ని కట్టడానికి చాకిరీ చేస్తుంటారు. నిద్రలోనూ విశ్రాంతి లేకపోవడమన్న ఆలోచనకు రక్తం చుక్క కూడా అక్కరలేదు.

భారతీయ ఛాయలున్న కాలకేరి రాజ్యం గురించి మన పాఠకులు ఆసక్తిగా అడుగుతారు గనుక దాన్ని విడిగా ప్రస్తావిస్తున్నాను. సింహాసనం కోసం తోబుట్టువులు సాగించే అంతులేని యుద్ధం, చనిపోయి కూడా కిరీటం వదలక తిరిగి వచ్చిన రమ్యా వాసవదన్ అనే రాణి: కథ బలమైనదే. పాత ప్రచురణల్లో ‘శ్రీ రాజి’గా ఉన్న రాజ్యాన్ని తిరగరాసి, విదేశీ సందర్శకుడి కంటితో కాక అధికార దాహం కోణంలో చూపినందుకు మెచ్చుకోవాలి. కానీ పేర్ల దగ్గర తెలుగు చెవికి చిన్న ఇబ్బంది తప్పదు. ‘కేరి’ అంటే కన్నడంలో వీధి. మన ‘గేరి’ దానికి చుట్టమే. రాజ్యానికి వీధి పేరు పెట్టినట్టు వినిపించి మా జట్టు మొదటి పది నిమిషాలు నవ్వుతూనే ఉంది. దాయాదుల పోరు గురించి మహాభారతం చదివిన దేశానికి కొత్తగా నేర్పగలిగింది కూడా అక్కడ తక్కువ.

ఇక లోపాల సంగతి. ఈ పుస్తకం అమర్చిన భయాలన్నీ చివరకు అయిదవ ఎడిషన్ నియమాల మీదే నిలబడాలి. ఆ నియమాలు వీరుల కోసం రాసినవి. అయిదవ స్థాయికి చేరిన మాంత్రికుడు ఎనిమిది ఆరు ముఖాల పాచికల నష్టం కలిగించే అగ్నిగోళాన్ని విసరగలడు. అదే స్థాయి పూజారి శవంతో మాట్లాడి హంతకుడెవరో అడగగలడు. దయ్యం కథకు ఆయువుపట్టయిన రహస్యం ఒక్క మంత్రంతో తేలిపోతే గేమ్ మాస్టర్‌కు మిగిలేది ఏమిటి? కాస్మిక్ హారర్ పరిస్థితి మరీ కనాకష్టం. మనిషి బుద్ధికి అందని శక్తికి కూడా ఈ ఆటలో ప్రాణాల లెక్క ఒకటి ఉంటుంది. లెక్క ఉన్నదాన్ని ఎలా సున్నాకు తేవాలా అని ఆటగాళ్ళు ఆలోచిస్తారు, అది వారి తప్పు కాదు. భయానికి, మానసిక ఒత్తిడికి నాలుగవ అధ్యాయం కొన్ని ఐచ్ఛిక నియమాలు ఇస్తుంది: ఒత్తిడిని ఒక సంఖ్యగా లెక్కిస్తారు, అది ఎంత ఉంటే అంత పాత్ర వేసే పాచికల ఫలితం నుంచి తగ్గుతుంది. మూడు సెషన్లు వాడి చూసి వదిలేశాను. ఆటగాళ్ళు భయపడలేదు, కూడికలు తీసివేతలు చేశారు.

పోలికకు చెప్పాలంటే, 1981 నుంచి వస్తున్న ‘కాల్ ఆఫ్ కథుల్హు’లో పాత్ర మతిస్థిమితమే క్రమంగా కరిగిపోయే సంఖ్య, ‘డ్రెడ్’లో పాచికలే లేవు, చెక్క దిమ్మెల గోపురం నుంచి ఒక్కొక్క దిమ్మె లాగాలి, గోపురం కూలితే పాత్ర కథలోంచి పోతుంది, ‘టెన్ క్యాండిల్స్’ను పది కొవ్వొత్తుల వెలుగులో ఆడతారు, చివరి కొవ్వొత్తి ఆరేసరికి ఎవరూ బతకరని అందరికీ ముందే తెలుసు. ఆ ఆటల్లో నియమమే భయపెడుతుంది. ఇక్కడ భయపెట్టే బాధ్యత మొత్తం గేమ్ మాస్టర్ భుజాల మీద పడుతుంది, పుస్తకం పక్కన నిలబడి సలహాలు చెబుతుంది. సలహాలు మంచివే, కాదనను.

నియమాల్లో నిజంగా పనికొచ్చినవి శాపాల గురించిన పేజీలు. శాపానికి పలకడం, మోయడం, విమోచనం అనే మూడు దశలుంటాయని, మూడూ ఆ శాపానికి కారణమైన తప్పుతో ముడిపడి ఉండాలని పుస్తకం చెబుతుంది. శపించిన నోటితోనే విమోచన మార్గం కూడా చెప్పించే పురాణాలు వింటూ పెరిగిన మనకు ఇది కొత్త కాదు. అహల్య కథ, జయవిజయుల కథ ఇదే కట్టుబడిలో ఉన్నాయి. అందువల్లనే కాబోలు, మా జట్టు అన్నిటికన్నా సులువుగా అందుకున్నది దీన్నే. బ్రహ్మరాక్షసుడికి అన్నం పెట్టనన్న ఒక వ్యాపారి పాత్రకు ఏది తిన్నా బూడిద రుచి తగిలేలా శాపం పెడితే, అది పోగొట్టుకోవడానికి ఏం చేయాలో ఆటగాళ్ళే ఊహించి నాకు చెప్పారు. నేను రాసుకున్న విమోచనం కన్నా వారిది బాగుంది, నాది చింపేశాను.

కొత్తవారికి ఉపయోగపడేలా మొదటి స్థాయి పాత్రలతో మొదలయ్యే ‘హౌస్ ఆఫ్ లామెంట్’ అనే సాహస కథ కూడా ఇచ్చారు. ఆత్మలను పలకరించే సన్నివేశాలు అందులో బాగా కుదిరాయి. ఇంటి గదులను ఒక్కొక్కటిగా వర్ణించే భాగాలు మాత్రం సాగదీతగా ఉన్నాయి. సగం గదులు తీసేసి ఆడించండి. చివరి అధ్యాయంలోని ముప్ఫైకి పైబడిన రాక్షసుల బొమ్మలు అద్భుతంగా ఉన్నాయి, అంకెలు సాధారణంగా ఉన్నాయి.

2021లో విడుదలైనప్పుడు అమెరికాలో ఈ పుస్తకం ముద్రిత ధర 49.95 డాలర్లు. ఆటగాడిగా మాత్రమే కూర్చునేవారు కొనవలసిన పని లేదు. జట్టులో ఒక్క ప్రతి చాలు. గేమ్ మాస్టర్లు, ముఖ్యంగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ కాక వేరే ఆట నడిపేవారు కూడా, రెండవ అధ్యాయం కోసం, నాలుగవ అధ్యాయం తొలి సగం కోసం కొనవచ్చు. నా ప్రతిలో ఫోక్ హారర్ పేజీల అంచులు ఇప్పటికే నలిగిపోయాయి. కాస్మిక్ హారర్ పేజీలు కొన్ననాటిలాగే తళతళలాడుతున్నాయి.